ప్రాథమిక పాఠశాల పిల్లల కదలికల నైపుణ్యం వేటిపై ఆధారపడుతుంది?

ఒంగోలులో మూడో తరగతి చదివే మీ అబ్బాయి తోటివారిలా బంతి పట్టలేకపోవడానికి కారణమేమిటని అడిగారు. శరీర ఎదుగుదల, బరువు, పోషణ, చూపు అన్నీ ప్రభావం చూపుతాయి. అయితే వయసు పెరిగినంత మాత్రాన విసరడం, పట్టడం, గెంతడం వాటంతటవే పూర్తిగా అబ్బవు, ఆడే అవకాశం, సరిగా నేర్పేవారు, పదేపదే సాధన ఉండాలి. బంతి ఆటల్లో మగపిల్లలు సగటున ముందుండడానికి కూడా, ఈ వయసులో శరీర భేదాలు స్వల్పమే కనుక, ఆడపిల్లలకు ఆ అవకాశం తక్కువగా దొరకడమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. 5 నుంచి 17 ఏళ్లవారికి రోజుకు సగటున కనీసం 60 నిమిషాల ఓ మోస్తరు నుంచి తీవ్రమైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ప్రకాశం జిల్లా ఎండలకు మధ్యాహ్నం వద్దు గాని, సాయంత్రం పెద్ద మెత్తని బంతిని దగ్గర నుంచి విసిరి పట్టించండి, ఏడుపెంకులాట ఆడించండి. గుండీలు పెట్టుకోవడానికీ ఇబ్బంది పడుతూ, తరచూ పడిపోతుంటే పిల్లల వైద్యునికి చూపించండి.