గుత్తి కొండ మీద సొంతంగా రాక్ క్లైంబింగ్ మొదలుపెట్టొచ్చా? ముందు ఏం కొనాలి?

ప్రశ్న: "నాది గుత్తి, డిగ్రీ రెండో సంవత్సరం. ఎవరెస్టు ఎక్కిన పూర్ణ గురించి చదివినప్పటి నుంచి పర్వతాలు ఎక్కాలని ఉంది. ఇంటి దగ్గరే కొండ ఉంది కదా, ఒక తాడు కొనుక్కుని ఫ్రెండ్‌తో కలిసి అక్కడే ప్రాక్టీస్ చేయొచ్చా అక్కా? ముందు ఏ సామాను కొనాలి? కిలిమంజారో ప్యాకేజీ ఒకటి చూశాను, మొదలుపెట్టడానికి అది మంచిదేనా? నాయన మాత్రం అస్సలు ఒప్పుకోవడం లేదు."

చెల్లీ, తాడు మాత్రం ఇప్పుడు కొనొద్దు. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం.

నాది అనంతపురం టౌను, ఉద్యోగం బెంగళూరులో. వీలు దొరికిన ఆదివారాల్లో రామనగర వైపు వెళ్తాను, వరసగా సెలవులొస్తే బాదామి, హంపి. నేను కోచ్‌ను కాదు, ఎవరెస్టు దరిదాపులకు వెళ్ళినదాన్నీ కాదు. కానీ నీ ఇంటి వెనక ఉన్న రాయే మా ఇంటి వెనకా ఉంది కాబట్టి దాని సంగతి కొంచెం తెలుసు.

తాడు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మన ఊళ్ళ హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే నైలాన్ తాడు బోరులోకి మోటారు దించడానికి. మనిషి పడితే ఆపడానికి కాదు. ఎక్కేవాళ్ళు వాడేది డైనమిక్ రోప్, అది సాగుతుంది. ఈఎన్ 892 అనే యూరప్ ప్రమాణం ప్రకారం ఒంటి తాడుకు 80 కిలోల బరువు కట్టి పడేసి పరీక్షిస్తారు. మొదటిసారి పడినప్పుడు తాడు 40 శాతం మించి సాగకూడదు, కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు, అలా కనీసం 5 సార్లు పడినా తెగకూడదు. 12 కిలోన్యూటన్లంటే ఇంచుమించు 1200 కిలోల బరువు ఒక్క క్షణం నడుము మీద పడినట్టు. సాగే తాడుకే ఇంత హద్దు పెట్టారంటే, సాగని తాడు మీద రెండు మూడు మీటర్లు పడితే ఏమవుతుందో ఊహించుకో. తాడు తెగకపోయినా నడుము నిలవదు. కొండ మీద నుంచి దిగడానికి, అంటే రాపెల్లింగ్‌కు, వాడే, పెద్దగా సాగని స్టాటిక్ రోప్ కూడా ఎక్కడానికి పనికిరాదు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఆన్‌లైన్‌లో "క్లైంబింగ్ రోప్" అని రాసి ఏది పడితే అది అమ్ముతున్నారు.

సరే, అసలైన తాడే తెచ్చుకున్నావనుకో. కింద నిలబడి దాన్ని పట్టే మనిషి సంగతేంటి? ఆ పనిని బిలే అంటారు. నువ్వు ఎక్కుతుంటే తాడు వదులుతూ, లాగుతూ, నువ్వు జారిన క్షణంలో ఆపాల్సింది ఆ మనిషే. నీ ఫ్రెండ్‌కు అది వచ్చా? నాకు నేర్పిన సార్, ఫిగర్ ఎయిట్ ముడి కళ్ళు మూసుకుని వేసి చూపించేదాకా రాయిని ముట్టనివ్వలేదు. ఆ రోజంతా నేల మీద కూర్చుని ముళ్ళు వేయడమే. కోపం వచ్చింది నాకు. ఇప్పుడు మాతో కొత్తవాళ్ళు వస్తే నేనూ అదే చేయిస్తాను.

ఇక గుత్తి కొండ. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ రాయికి డ్రిల్ పెట్టడం, బోల్టు కొట్టడం, గోడలకు తాడు కట్టడం కుదరదు, కుదరకూడదు కూడా. గండికోటదీ అదే పరిస్థితి. కానీ నడవడానికి ఎవరూ అడ్డం చెప్పరు. మురారిరావు కూర్చునేవాడని చెప్పే మండపం దాకా వీపున ఎనిమిది పది కిలోల బ్యాగుతో వారానికి మూడు నాలుగు సార్లు ఎక్కి దిగు. నీళ్ళ బాటిళ్ళు నింపుకుని ఎక్కి, పైన పారబోసి దిగితే మోకాళ్ళకు నయం. బెంగళూరులో జిమ్ముకు డబ్బులు కట్టి ట్రెడ్‌మిల్ మీద నడిచేవాళ్ళను రోజూ చూస్తుంటాను. నీకు కొండే ఉంది.

రాయి గురించి మాత్రం కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన మూడు జిల్లాల్లో రాయి ఒకటే రకం కాదు. గుత్తి, పెనుకొండ, రాయదుర్గం వైపంతా గ్రానైట్ జాతి. పెద్ద గుండ్లు, నున్నగా వాలిన బండలు. ఇలాంటి బండ మీద చేతికి పట్టు దొరకదు, పాదమే నీ పట్టు. షూ అడుగు భాగాన్ని పూర్తిగా రాయికి ఆనించి, మడమ దించి, బరువంతా కాలి మీద వేయాలి. దీన్ని స్మియరింగ్ అంటారు. కొత్తవాళ్ళు భయంతో బండకు బల్లిలా అతుక్కుపోతారు, అప్పుడు బరువు పాదం మీద నుంచి తప్పి కచ్చితంగా జారతారు. నడుమును రాయికి దూరంగా పెట్టగలిగితే సగం పని అయినట్టే. ఇది పుస్తకంలో చదివితే రాదు, కాలు నమ్మేదాకా చేయాల్సిందే.

గ్రానైట్‌లో ఇంకో తంటా ఉంది. ఎండకు వానకు పైపొర విడిపోయి పలకలుగా ఊడుతుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది. పట్టుకునే ముందు పిడికిలితో తట్టి చూడు, బోలుగా మోగితే దాన్ని నమ్మొద్దు. నెర్రెల్లో చేయి పెట్టే ముందు కూడా చూసుకో, తేళ్ళుంటాయి.

కడప వైపు పోతే కథ మారుతుంది. గండికోట దగ్గర పెన్నా ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిందే, ఆ ఎర్ర రాయి గ్రానైట్ కాదు, క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతి పొరకు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు. దాని కింది పొరలకు తాడిపత్రి, పులివెందుల పేర్లు. మన బస్టాండు బోర్డుల్లో ఉండే పేర్లన్నీ వాళ్ళ పుస్తకాల్లో ఉన్నాయి! ఈ రాయి అడ్డంగా పొరలు, నిలువుగా చీలికలు. కాబట్టి వేళ్ళకు పదునైన అంచులు దొరుకుతాయి, గ్రానైట్ మీద కష్టపడినవాళ్ళకు ఇది వరంలా అనిపిస్తుంది. చిక్కు ఏంటంటే ఆ చీలికల వల్లే బండలు దేనికది విడిగా కూర్చుని ఉంటాయి. గండికోట అంచున యాంకర్ కోసం, అంటే తాడు కట్టే ఆధారం కోసం, వెతుకుతున్నప్పుడు ఇద్దరు మోయలేనంత బండ నేను చేయి ఆనిస్తే కదిలింది. కింద లోయ. ఫోటోలు తీసుకునే జనం అదే అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుంటారు, చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది.

ఓర్వకల్లు రాళ్ళ గురించి కూడా కర్నూలు ఫ్రెండ్స్ అడుగుతుంటారు. చూడ్డానికి బాగుంటాయి కానీ అది టూరిజం పార్కు, ఎక్కే చోటు కాదు.

తేనెటీగల సంగతి మర్చిపోకముందే చెప్పాలి. మన కొండల్లో ముందుకు పొడుచుకొచ్చిన బండల కింద వేలాడే పెద్ద తేనెపట్లు ఉంటాయి చూడు, వాటికి పొగ, సెంటు, కేకలు పడవు. నేను చిరుతకైనా ఇంత భయపడను. గోడ మధ్యలో తాడుకు వేలాడుతున్న మనిషి పరిగెత్తలేడు. దూరం నుంచి పట్టు కనిపిస్తే ఆ వైపు వెళ్ళనే వెళ్ళొద్దు. రాయదుర్గం, కళ్యాణదుర్గం గుట్టల్లో ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి, తెల్లవారుజామున, సందె వేళ ఒంటరిగా తిరగొద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు సీజను. మార్చి దాటితే పొద్దున తొమ్మిదికే రాయి కాలుతుంది, చెమట చేతులకు ఏదీ నిలవదు.

మరి నేర్చుకునేది ఎక్కడ? నీకు దగ్గరగా గండికోటలో అడ్వెంచర్ అకాడమీ ఉంది, శిక్షణ ఎప్పుడు నడుస్తుందో ఫోన్ చేసి కనుక్కునే బయలుదేరు. నా ఓటు మాత్రం బెంగళూరుకే. కంఠీరవ స్టేడియంలో క్లైంబింగ్ వాల్ ఉంది, అక్కడ ఎక్కేవాళ్ళతో పరిచయాలవుతాయి, అసలు లాభం అదే. కర్ణాటక ప్రభుత్వానికి చెందిన జనరల్ తిమ్మయ్య సాహస అకాడమీ రాతి మీద కోర్సులు పెడుతుంది. రామనగరలో రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం కాబట్టి, తెలిసినవాళ్ళు లేకుండా నేరుగా వెళ్ళి ఏ కొండ పడితే ఆ కొండ ఎక్కొద్దు. బాదామిది ఇసుకరాయి, బోల్టులు కొట్టిన దారులు ఎన్నో ఉన్నాయి. గుంతకల్లు నుంచి గదగ్ మీదుగా రైల్లో పోవచ్చు. హంపి ఇంకా దగ్గర, హొసపేటలో దిగితే సరి. అక్కడ చేసేది ఎక్కువగా బౌల్డరింగ్, అంటే తాడు లేకుండా చిన్న గుండ్లు ఎక్కడం, కింద క్రాష్ ప్యాడ్ అనే మందపాటి పరుపు వేసుకుని. ఎత్తు తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, మా గుంపులో చీలమండలు మెలిపడింది తాడు మీద కాదు, ఈ చిన్న గుండ్ల దగ్గరే.

ఒక్క మాట, ముఖ్యమైనది. వీకెండ్‌కు నలభై మందిని బస్సులో తెచ్చి రాపెల్లింగ్ చేయించే బ్యాచ్‌లు ఉంటాయి. అలాంటి ఒక చోట బరువంతా ఒకే ఒక్క చెట్టు మొదలుకు కట్టి, దానికి జోడుగా ఇంకో యాంకర్ లేకుండా జనాన్ని దించుతుంటే చూసి నేను వెనక్కి వచ్చేశాను. డబ్బులు పోయాయి, పోనీ. నువ్వు వెళ్ళినప్పుడు యాంకర్ ఎన్నిటికి కట్టారో అడుగు. రెండు వేర్వేరు చోట్ల కట్టాలి, ఒకటి ఊడినా రెండోది ఆపాలి. అడిగితే విసుక్కునేవాళ్ళ దగ్గర తాడు ముట్టుకోవద్దు.

కొనాల్సింది మొదట క్లైంబింగ్ షూ ఒక్కటే. కాలికి బిగుతుగా ఉండాలి, వేళ్ళు ముందుకు తాకాలి, కానీ నొప్పితో కన్నీళ్ళు వచ్చేంత అక్కర్లేదు. దుకాణంలో సాయంత్రం పూట వేసుకుని చూడు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ షూతో మీ కొండ కింద, కోట హద్దుకు బయట ఉన్న చిన్న గుండ్ల మీద నేల నుంచి రెండడుగులు దాటకుండా అడ్డంగా నడవడం ప్రాక్టీస్ చెయ్. పైకి కాదు, పక్కకు. ఫ్రెండ్‌ను తోడు తీసుకెళ్ళు. హెల్మెట్, హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించే పట్టీలు) కోర్సు తర్వాత. కారబినర్, అంటే తాడును తగిలించే మూత ఉన్న లోహపు కొక్కెం, కొనే రోజు వస్తే దాని మీద చెక్కిన అంకెలు చదువు. నిలువుగా కనీసం 20 కిలోన్యూటన్లు ఉండాలి. మూత తెరుచుకుని ఉంటే అదే కారబినర్ బలం మూడో వంతుకు పడిపోవచ్చు. తాళాల గుత్తికి వాడే అల్యూమినియం కొక్కేలు కూడా అదే ఆకారంలో ఉంటాయి, జాగ్రత్త. సెకండ్ హ్యాండ్ తాడు, హార్నెస్ ఎంత చవకైనా వద్దు, వాటి గతం మనకు తెలియదు.

కిలిమంజారో దగ్గరికి వద్దాం. 5895 మీటర్లు, ఆఫ్రికాలో అన్నిటికన్నా ఎత్తు. మరంగు, మచామే దారుల్లో తాడు పని లేదు, నడకే. చెడ్డదని అనను. కానీ దానికి పెట్టే డబ్బుతో నువ్వు నేర్చుకునేది చాలా తక్కువ. పైగా అక్కడ ప్రమాదం రాయి కాదు, గాలి. అనంతపురం 335 మీటర్ల ఎత్తులో ఉంది. 2500 దాటాక తలనొప్పి, వాంతులు ఎవరికైనా రావచ్చు, ఎంత బలమైనవాళ్ళకైనా సరే. 3000 మీటర్ల పైన పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని వైద్యులు చెబుతారు. ప్యాకేజీలో రోజులు తగ్గే కొద్దీ ధర తగ్గుతుంది, శరీరం అలవాటు పడే సమయమూ తగ్గుతుంది. ఫ్లెక్సీ మీద ఫోటో కోసమైతే నీ ఇష్టం. పర్వతారోహణ నేర్చుకోవాలంటే అదే డబ్బులో చాలా తక్కువకు బేసిక్ కోర్సు అవుతుంది.

ఆ కోర్సులు డార్జిలింగ్‌లోని హెచ్ఎంఐ (హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్), ఉత్తరకాశీలోని నిమ్ (నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్), మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థల్లో ఉంటాయి. ఇంచుమించు నాలుగు వారాలు. రాయి, మంచు, ఐసు మూడింటి మీదా పని నేర్పుతారు. చివర్లో గ్రేడు ఇస్తారు, 'A' గ్రేడు వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకు అర్హత. హెచ్ఎంఐ 1954లో పెట్టినప్పుడు ఫీల్డ్ ట్రైనింగ్ బాధ్యత టెన్జింగ్‌కే ఇచ్చారు. 1984 మే 23న ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ నిమ్‌లో నేర్చుకున్నదే. పూర్ణ, ఖమ్మం ఆనంద్ కుమార్ కూడా ముందు భువనగిరి కోట బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్‌లలో నెలల తరబడి శిక్షణ తీసుకున్నాకే 2014 మే 25న పైకి చేరారు. భువనగిరి బండా మీ గుత్తి బండా ఒకటే జాతి. ఎవరెస్టు ఖర్చు గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకు. నేపాల్ పర్మిట్ ఒక్కటే 2025 సెప్టెంబరు నుంచి 15,000 డాలర్లు అయింది.

నాయన విషయం. మీ నాయన తాడు వద్దంటే ఆయన మాట కరెక్టే, నేనూ అదే అంటున్నా. "కొండలెక్కుతా" అనకుండా, ప్రభుత్వ సంస్థలో నాలుగు వారాల కోర్సు అని, హాస్టల్, భోజనం, డాక్టరు అన్నీ అక్కడే అని వెబ్‌సైటు తెరిచి చూపించు. నిమ్‌లో ఆడపిల్లలకు విడిగా బ్యాచ్‌లు నడుస్తాయి, అది ముందు చెప్పు. మా ఇంట్లో పనిచేసింది ఈ ఒక్క ముక్కే. సీట్లు చాలా ముందే నిండిపోతాయి కాబట్టి డిగ్రీ అయిపోయాక చూద్దామనుకోకుండా ఇప్పుడే తేదీలు చూసుకో. దరఖాస్తుతో పాటు డాక్టరు సంతకం పెట్టిన మెడికల్ ఫారం అడుగుతారు. దానికి ముందే ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. మన వైపు ఆడపిల్లల్లో చాలామందికి రక్తం తక్కువ, ఎత్తులో అది నేరుగా దెబ్బ కొడుతుంది. తక్కువుంటే డాక్టరు రాసిన ఐరన్ మాత్రలతో సరికావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, కాబట్టి ఈ నెలలోనే చేయించుకుంటే మంచిది.