ప్యానెల్‌తో పాటు గదినీ గీయి

చిరంజీవి మేనకోడలికి,

మిర్యాలగూడ నుంచి మామయ్య ఆశీస్సులు. స్విచ్‌గేర్‌లో, అంటే కరెంటును కలిపే, తెంచే పరికరాలున్న ఇనుప ప్యానెళ్లలో, ఆర్క్ (గాలిలోంచి ఎగిరే విద్యుత్ మంట) పుడితే పీడనం, వేడి గాలి ఏం చేస్తాయో లెక్కగట్టే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు కాగితం మీద ఒకసారి వేసి చూడమ్మా. ఆర్క్ 10 మెగావాట్లు, అందులో సగం గాలిని వేడెక్కిస్తుంది, ప్యానెల్ లోపలి ఖాళీ 0.5 ఘనమీటరు అనుకో. పీడనం మిల్లీసెకనుకు 0.04 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) చొప్పున పెరుగుతుంది. 10 మిల్లీసెకన్లకు 0.4 బార్, అంటే చదరపు మీటరు తలుపు మీద నాలుగు టన్నులు!

లోపాన్ని కనిపెట్టి, కరెంటు తెంచే బ్రేకర్‌కు చెప్పే రిలే ఉందిగా అంటారు. అది పసిగట్టి బ్రేకర్ తెరుచుకునేలోపే పీడనం శిఖరానికి చేరి ఉంటుంది. తలుపును కాపాడేది ప్యానెల్ పైనున్న ఫ్లాప్, అంటే పీడనానికి లేచి గాలిని బయటికి వదిలే మూత. అది ఎంత బరువుందో, ఎంత పీడనానికి లేస్తుందో డ్రాయింగ్ చూసి రాసుకో. రిలే ఎంత వేగంగా పనిచేస్తే ఆ తర్వాతి వేడి, లోహం కరగడం అంత తగ్గుతాయి.

గాలిని వేడెక్కించే ఆ సగం వాటా కూడా స్థిరం కాదు. ఫ్లాప్ లేచాక లోపల గాలి పలుచబడి, వాటా పడిపోతుంది. అదే సంఖ్యను చివరిదాకా నడిపితే నమ్మలేని ఉష్ణోగ్రతలు వస్తాయి. విద్యుత్ వ్యవస్థల అంతర్జాతీయ సంస్థ సిగ్రే 2014లో వెలువరించిన 602వ నివేదిక తెప్పించుకుని చదువు.

నా అసలు బెంగ గది గురించి. మన వైపు 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో ఎలుకలు, పాములు వస్తాయని వెంటిలేటర్లకు ఇటుకలు కట్టేస్తుంటారు. అదే ఆర్క్ ఒక సెకను నిలిచి, వేడి గాలి 100 ఘనమీటర్ల మూసిన గదిలోకి వస్తే, అదే సగం వాటాతో, గోడలు పీల్చుకునే వేడిని లెక్కలోకి తీసుకోకుండా చూస్తే 0.2 బార్ దాకా వస్తుంది. ఉక్కు లేని ఇటుక గోడ దానికి ఆగదు. ప్యానెల్ ఒక్కటే గీసి ముద్దుగా రంగులు వేసి ఇచ్చే నివేదికలంటే నాకు చిరాకు. కప్పు ఎత్తు, తలుపులు, ఆపరేటర్ కుర్చీ కూడా గీయి. కప్పుకు తగిలిన వేడి గాలి వెనక్కి మళ్లేది అతని వైపే కావచ్చు.

స్విచ్‌గేర్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 62271-200 ప్రకారం చేసే ఆర్క్ పరీక్షలో ప్యానెల్ చుట్టూ నల్ల నూలు గుడ్డలు అమరుస్తారు, అవి అంటుకోకూడదు. అంటుకుంటాయా లేదా అన్నది నీ లెక్కతో తేల్చబోకు, పరీక్షకే వదిలెయ్యి.

బతుకమ్మ పండుగకు వస్తావుగా, టేపు తెచ్చుకో. ఇక్కడి సబ్‌స్టేషన్ గది కొలవడానికి అనుమతి నేను అడిగి ఉంచుతాను.

మామయ్య