స్వైరవిహారంలో ‘స్వైరం’ ఏమిటి?

సందేహం: ‘పిచ్చికుక్క స్వైరవిహారం’, ‘దొంగల స్వైరవిహారం’ అని వార్తల్లో చూస్తుంటాం. విచ్చలవిడితనం అని తెలుస్తూనే ఉంది కానీ అసలు ‘స్వైరం’ అంటే ఏమిటి? ‘స్వేరవిహారం’ అని రాసేవాళ్లూ ఉన్నారు. ఏది ఒప్పు?

సమాధానం: స్వైరవిహారమే ఒప్పు. అయితే ‘స్వేర’ అని రాసినవాళ్లను మరీ తప్పుపట్టలేం. బడిలో చెప్పిన సంధి సూత్రాన్ని నమ్ముకుంటే ఎవరైనా అలాగే రాస్తారు.

స్వ అంటే తాను, తన. ఈర్ అనే సంస్కృత ధాతువుకు కదలడం, కదిలించడం అని అర్థం. గాలికి సమీరం అనే పేరూ, మనం రోజూ వాడే ప్రేరణ అనే మాటా దీన్నుంచి పుట్టినవే. కాబట్టి ఒకరు తోలకుండా, ఒకరు ఆపకుండా తనంతట తాను కదలడమే స్వైరం. ప్ర + ఈరణ గుణసంధితో ప్రేరణ అయింది కదా, ఆ లెక్కన స్వ + ఈర ‘స్వేర’ కావాలి. కాలేదు. జనం నోట స్వైరమే నిలిచింది. చివరికి వ్యాకరణమే దిగివచ్చింది: స్వ తర్వాత ఈర, ఈరిన్ వస్తే గుణం కాదు, వృద్ధి వస్తుందని పాణిని సూత్రాలకు చేర్చిన సవరణ వాక్యాలైన వార్తికాల్లో విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. అక్షౌహిణి, ప్రౌఢ కూడా ఈ బాపతు మాటలే. అదుపులేనితనాన్ని చెప్పే మాట సంధికి కూడా లొంగకపోవడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఇక అర్థం. పుట్టుకలో ఈ మాటకు ఏ మచ్చా లేదు. తర్వాత అంటింది, అదీ అందరికీ ఒకేలా అంటలేదు. ఛాందోగ్యోపనిషత్తులో కేకయ రాజు అశ్వపతి తన రాజ్యం గురించి చెప్పుకుంటూ, దొంగలు లేరు, తాగుబోతులు లేరు, స్వైరి (కట్టుతప్పి తిరిగే మగవాడు) లేడు, ఇక స్వైరిణి (అలా తిరిగే స్త్రీ) ఎక్కడుంటుంది అంటాడు. అంటే తప్పు ముందు మగవాడిదే. సంస్కృత పర్యాయపదాల నిఘంటువైన అమరకోశం తెరిస్తే కథ మారిపోతుంది. అందులో స్వైరి, స్వతంత్రుడు, స్వచ్ఛందుడు ఒకే వరసలో దర్జాగా కూర్చున్నారు. స్వైరిణి మాత్రం కులట, అసతి, పుంశ్చలి అనే, శీలం లేని స్త్రీని చెప్పే మాటల పక్కకు చేరింది. మాట ఒకటే, ప్రత్యయం మారితే మర్యాద పోయింది! పాత పద్యాల్లో స్వైరిణి ఎదురైనప్పుడు ఇది గుర్తుంచుకోండి.

విశృంఖలాన్ని కూడా దీనికి పర్యాయపదంగా వాడేస్తుంటారు గానీ, రెంటికీ కొంచెం తేడా ఉంది. శృంఖల అంటే సంకెల. అది లేనిది, తెంచుకున్నది విశృంఖలం. స్వైరంలో సంకెల ఊసే లేదు, తన ఇష్టమే ఉంది. అందుకే ఫాంటసీకి విమర్శకులు వాడుతున్న ‘స్వైరకల్పన’ చక్కగా అతికింది. ‘విశృంఖల కల్పన’ అంటే రచయితను తిట్టినట్టే.

కుక్కల దగ్గరికి వద్దాం. విహారమంటే తిరగడమే, కరవడం అందులో లేదు. అయినా ఆ శీర్షిక చూడగానే ఎవరినో కరిచిందని అర్థం చేసుకుంటున్నాం కాబట్టి వాడుక స్థిరపడినట్టే, దాంతో నాకు పేచీ లేదు. ‘విచ్చలవిడిగా స్వైరవిహారం చేస్తున్నాయి’ అని రాయడం మాత్రం చెప్పిందే చెప్పడం. రెండింట్లో ఒకటి కొట్టేయండి.