పదిహేడో పేజీలో ఒక పార్సిల్

అమ్మాయ్,

నీ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి పడుకునే ముందు చదువుతుంటే నిద్ర ముంచుకొచ్చింది. అది నీ తప్పు కాదులే, నా వయసు. రెండోసారి పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మార్జిన్ల నిండా గీతలు చూసి టెన్షన్ పడకు. గీతల్లేకుండా తిరిగొచ్చిన స్క్రిప్ట్ అంటే అవతలివాడు చదవలేదని అర్థం.

మొదటి పదహారు పేజీలు నాకు నచ్చలేదు. గచ్చిబౌలిలో ఒక పీజీ, అందులో ఒక కుర్రాడు. అమ్మాయి ఫ్లాట్ ఖాళీ చేసి బెంగళూరు వెళ్ళిపోయి మూడు నెలలైంది. వీడు బాల్కనీలో నిలబడి ట్రాఫిక్ చూస్తుంటాడు. ఫ్లాష్‌బ్యాక్. మళ్ళీ బాల్కనీ. మళ్ళీ ఫ్లాష్‌బ్యాక్. తొమ్మిదో పేజీలో ఫ్రెండ్‌తో అంటాడు, "ఇంతమందిలో ఉన్నా చాలా ఒంటరిగా ఉంది మామా" అని. ఆ మాట చెప్పుకోవడానికి పక్కన ఒక మామ ఉన్నాడంటే వాడికి ఇంకా ఏమీ కాలేదన్నమాట. మన ప్రేమకథల్లో హీరోలకి ఈ ఇబ్బంది ఎప్పటినుంచో ఉంది. వాణ్ణి కాసేపు ఒంటరిగా వదిలేద్దామన్నా ముగ్గురు ఫ్రెండ్స్ వదలరు.

పదిహేడో పేజీలో మాత్రం పెన్సిలు ఆగింది. కుర్రాడు ఆకలేసి ఫోన్లో బిర్యానీ ఆర్డర్ పెడతాడు. ముప్పావుగంటైనా రాదు. డెలివరీ బాయ్‌కి ఫోన్ చేస్తే, "ఇచ్చేశాను సార్, మేడమ్ తీసుకున్నారు" అంటాడు. యాప్‌లో 'హోమ్' అని సేవ్ అయి ఉన్నది ఆ అమ్మాయి ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఫ్లాట్ అడ్రస్. దీన్ని నువ్వు కామెడీ బిట్ కింద రెండు లైన్లలో తేల్చేసి, వాణ్ణి మళ్ళీ బాల్కనీకి తీసుకుపోయావు.

నీ సినిమా అక్కడే ఉంది తల్లీ. పీజీలో ఉండే కుర్రాడు తన అడ్రస్ వదిలేసి ఆమె అడ్రస్‌ని 'హోమ్' అని పెట్టుకున్నాడంటే, వాళ్ళిద్దరూ ఎలా బతికారో నాలుగు ఫ్లాష్‌బ్యాక్‌ల కంటే ఆ ఒక్క మాటే ఎక్కువ చెప్పింది. కాకపోతే నాకో డౌటు. మూడు నెలల్లో వీడు ఒక్కసారి కూడా ఆర్డర్ పెట్టలేదా? పెట్టే ఉంటాడు. పెట్టిన ప్రతిసారీ అడ్రస్ మార్చుకుని ఉంటాడు. ఆ 'హోమ్'ని డిలీట్ చెయ్యడానికి మాత్రం చెయ్యి వచ్చి ఉండదు. ఆ రోజు మర్చిపోయాడు. ఇదంతా నువ్వు రాయకపోయినా నాకు కనపడింది చూశావా!

ఒంటరితనం, జ్ఞాపకం, మార్పు ఈ మూడింటి మీద సినిమా రాస్తున్నాను, ఏం చూడమంటారు మాస్టారూ అని మొన్న అడిగావు. ముందు ఆ మూడు మాటలూ నీ నోట్‌బుక్‌లోంచి కొట్టెయ్. తర్వాత 'చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్' చూడు. 1994లో హాంకాంగ్‌లో తీసిన సినిమా. దర్శకుడు వాంగ్ కార్-వై అప్పటికి 'యాషెస్ ఆఫ్ టైమ్' అనే పెద్ద కత్తియుద్ధాల సినిమా ఎడిటింగ్‌లో కూరుకుపోయి ఉన్నాడు. మధ్యలో దొరికిన కొద్ది వారాల ఖాళీలో, స్క్రిప్ట్ పూర్తిగా చేతిలో లేకుండానే, దీన్ని గబగబా తీసేశాడు. అది చూసి నువ్వు బౌండ్ స్క్రిప్ట్ లేకుండా బయల్దేరకు. నిర్మాణ సంస్థలో ఆయనా భాగస్వామే. నీకు ఆ సౌకర్యం లేదు.

అందులో ఇద్దరు పోలీసులు, రెండు కథలు. మొదటి కుర్రాడి వేషం వేసింది తకేషి కనెషిరో. అతన్ని మే అనే అమ్మాయి ఏప్రిల్ 1న వదిలేస్తుంది. ఏప్రిల్ ఫూల్ కదా, జోకేమో, ఒక నెల చూద్దాం అనుకుంటాడు. అప్పట్నుంచి రోజుకో పైనాపిల్ డబ్బా కొంటాడు, మే 1తో ఎక్స్‌పైరీ అయ్యేదే ఏరి మరీ. పైనాపిల్ ఆమెకిష్టం. మే ఆమె పేరు. మే 1 ఇతని పుట్టినరోజు. ముప్పై డబ్బాలయినా ఆమె రాదు. ఆ రాత్రి కూర్చుని ముప్పై డబ్బాలూ తినేస్తాడు.

ఎంత పిచ్చి పని! కానీ ఆ పిచ్చిలో పనితనం చూడు. ఆమెని మర్చిపోలేకపోతున్నాడని ఎవరూ చెప్పరు. ప్రేక్షకుడు డబ్బాలు లెక్కపెట్టుకుంటాడు, అంతే. బాధకి ఒక గడువుంది, షాపులో దొరుకుతుంది, డబ్బా మీద తేదీ ముద్రేసి ఉంది. నీ కుర్రాడి బాధకి తేదీ లేదు. అందుకే బాల్కనీలో ఎంతసేపు నిలబడ్డా నాకు వాడి మీద జాలి కలగలేదు, కాళ్ళు నొప్పెట్టవా అనిపించింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను కృష్ణానగర్‌లో రూములో ఉన్న రోజుల్లో మెస్సులో నెలకి అరవై టికెట్ల పుస్తకం అమ్మేవాళ్ళు, పూటకో టికెట్. నా రూమ్మేట్ కూడా కథలు పట్టుకుని సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగేవాడే. నెల మధ్యలో వాళ్ళ ఊళ్ళో టీచరు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. కిటికీలో షేవింగ్ మగ్గు కింద అతని టికెట్ల పుస్తకం ఉండిపోయింది. ఇంకా పంతొమ్మిది టికెట్లు. నా దగ్గర డబ్బుల్లేవు, వాటితోనే తిన్నాను. మెస్సాయన ప్రతిపూటా టికెట్ చింపి, నోటుబుక్కులో అతని పేరు ఎదురుగా టిక్కు పెట్టేవాడు. ఆ పుస్తకం లెక్కలో అతను ఊరు వదల్లేదు, రెండు పూటలా భోంచేస్తూనే ఉన్నాడు. "మీవాడు కనపడట్లేదేం?" అని అడిగితే "వస్తాడు" అనేవాణ్ణి. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలీదు. పంతొమ్మిదో టికెట్ చింపిన రాత్రి సాంబారన్నం దగ్గరే లేచిపోయాను.

ఆ తర్వాత నేను రాసిన మొదటి స్క్రిప్ట్‌లో ఒక స్నేహితుడు ఊరొదిలి వెళ్ళే సీను ఉంది. వాన, రైలు, ప్లాట్‌ఫామ్ మీద పరిగెత్తే హీరో. నిజంగా అతను వెళ్ళిన పొద్దున నేను ముసుగుతన్ని నిద్రపోతున్నాను. టికెట్ల పుస్తకం నా పెట్టెలోనే ఉంది, స్క్రిప్ట్‌లోకి మాత్రం రాలేదు. సినిమా అంటే రైలూ వానా అనుకున్నాను మరి.

సరే, రెండో కథకి వద్దాం. నీకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. మరో పోలీసు వేషం వేసింది టోనీ లియుంగ్. ఆ పాత్రకి పేరు కూడా ఉండదు, నంబరే, 663. రోజూ రాత్రి ఒక చిన్న తిండి కొట్టు దగ్గరికొచ్చి ప్రియురాలి కోసం సలాడ్ కొంటాడు. ఆమె ఎయిర్‌హోస్టెస్. ఎప్పుడూ ఒకటే ఎందుకు, ఇంకోటి కూడా తీసుకెళ్ళి చూడు అంటాడు కొట్టు యజమాని. కొన్నాళ్ళకి ఆమె ఇతన్ని వదిలేస్తుంది. తిండి మార్చుకోవచ్చని తెలిశాక మనిషిని మాత్రం ఎందుకు మార్చకూడదనుకుందట! వెళ్తూ వెళ్తూ ఉత్తరమూ, ఇతని ఇంటి తాళంచెవీ కొట్టులో ఇచ్చి పోతుంది. కొట్టులో అందరూ ఆ కవరు విప్పి చదివేస్తారు. ఇతను మాత్రం తీసుకోడు, తర్వాత చూస్తాలే అంటాడు.

సిటీ అంటే ఇదే అనిపిస్తుంది నాకు. ఊళ్ళో మనిషి దిగులుగా ఉంటే బంధువులకి తెలుస్తుంది. సిటీలో ముందు తెలిసేది కిరాణా కొట్టువాడికి, వాచ్‌మన్‌కి, పాలపాకెట్లు వేసే కుర్రాడికి. రెండు పాకెట్లు ఒకటైతే వాడే మొదట కనిపెడతాడు, మర్యాదకి అడగడు. నీ హీరోకున్న ముగ్గురు ఫ్రెండ్స్‌ని తీసేసి ఒక వాచ్‌మన్‌ని పెట్టు. సగం డైలాగులు వాటంతటవే రాలిపోతాయి.

ఆ కొట్టులో పనిచేసే ఫే అనే పిల్ల ఆ తాళంచెవితో, అతను లేనప్పుడు ఇంట్లోకి దూరుతుంది. వేసింది ఫే వాంగ్, అప్పటికే పెద్ద గాయని. తుడుస్తుంది, దుప్పట్లు మారుస్తుంది, డబ్బాల మీద లేబుళ్ళు మారుస్తుంది, అక్వేరియంలో కొత్త చేపలు వదులుతుంది. అతను ఇంటికొచ్చి వస్తువులతో మాట్లాడుతుంటాడు. అరిగిపోయిన సబ్బు పట్టుకుని, చిక్కిపోయావేంటి, ఇలా అయితే ఎలా అని మందలిస్తాడు. నీళ్ళు కారుతున్న తువ్వాలుని ఏడవద్దంటాడు. ఫే కొత్త సబ్బు పెట్టాక, ఏంటిలా లావెక్కావు అంటాడు దాన్నే. ఎవరో వచ్చి మార్చారన్న ఆలోచనే అతనికి రాదు. హాల్లో నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు సగంలో ఆగిపోయింది, ఎందుకంటే ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా ఏళ్ళు గడిపినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, నాతో కలిపి.

మనం స్క్రిప్ట్‌లో మార్పు అంటే హీరో నిర్ణయం తీసుకునే సీను రాస్తాం. అద్దంలో చూసుకుంటాడు, గడ్డం గీసుకుంటాడు, పాట. అక్కడ ముందు ఇల్లు మారింది, మనిషికి ఆలస్యంగా తెలిసింది. చివరి సీను ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఏడాది తర్వాత ఫే ఎయిర్‌హోస్టెస్ యూనిఫామ్‌లో వస్తుంది. ఆ కొట్టు ఇప్పుడు 663 కొనుక్కున్నాడు. ఒకప్పుడు ఆమె చెవులు చిల్లులు పడేలా పెట్టే 'కాలిఫోర్నియా డ్రీమిన్' పాట ఇప్పుడు అతను పెట్టుకుని వింటున్నాడు. ఇద్దరూ నిలబడ్డ చోట్లు తారుమారయ్యాయి. "నేను మారిపోయాను" అని ఎవరూ అనరు. నీ నలభై మూడో పేజీలో అన్నారు, రెండుసార్లు.

ఆ సినిమా అన్నింట్లోనూ గొప్పదని చెప్పను. మొదటి కథలో చుంగ్‌కింగ్ మాన్షన్స్ అనే పాత భవనంలో కొందరు భారతీయులు స్మగ్లింగ్ పనికి దిగుతారు. వాళ్ళకి ముఖాలే తప్ప కథల్లేవు. మనవాళ్ళు కాబట్టి నాకు చురుక్కుమంటుందేమో, కానీ అంత ఒంటరితనం రాసినవాడికి వాళ్ళ ఒంటరితనం కనపడలేదా అనిపిస్తుంది. రెండోది, ఇంట్లోకి దొంగతనంగా దూరడం. అది మగవాడు చేస్తే ఏమంటామో నీకు తెలుసు. మన సినిమాల్లో వెంటపడటం ఇప్పటికే కావలసినంత ఉంది. ఆ పద్ధతి పట్టుకురాకు, వస్తువులు పట్టుకురా.

ఇంకో సంగతి. హాంకాంగ్‌ని బ్రిటన్ 1997 జులై 1న చైనాకి అప్పగించాలని 1984లోనే ఒప్పందం అయిపోయింది. సినిమా తీసేనాటికి ఊరి మీదే ఎక్స్‌పైరీ తేదీ ఉంది. డబ్బాల మీద తేదీల గురించి అంత బెంగ ఎందుకో చాలామంది విమర్శకులు ఇలాగే వివరించారు. సినిమాలో ఒక్క పాత్ర కూడా ఆ మాటెత్తదు. నీ కుర్రాడు మాత్రం ఐటీ లేఆఫ్‌ల మీద పేజీన్నర స్పీచ్ ఇచ్చాడు. కొట్టేశాను, క్షమించు.

663 ఫ్లాట్ కిటికీ పక్కనుంచి ఒక ఎస్కలేటర్ పోతుంటుంది. కొండవాలు మీద దాదాపు 800 మీటర్ల పొడవున్న ఆ ఎస్కలేటర్ల వరస 1993లోనే మొదలైంది. అంటే సినిమాలో అది కొత్త వస్తువు. పొద్దున పదింటిదాకా జనాన్ని కిందికి దింపుతుంది, ఆ తర్వాత పైకి మోస్తుంది. దాని మీద పోతూ వంగి చూస్తే ఇతని ఇల్లు కనిపిస్తుంది. ఆ ఇల్లు కెమెరామన్ క్రిస్టఫర్ డాయిల్‌ది. ఉన్నది వాడుకున్నారు. మనకి 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది. అమీర్‌పేట దగ్గర రైల్లోంచి చూడు, ఎవరెవరి బాల్కనీలో ఏం ఆరేసి ఉన్నాయో కనిపిస్తాయి. రోజూ ఒకే టైముకి వెళ్ళేవాళ్ళకి ఆ బట్టలు కూడా గుర్తుంటాయి. నీ స్క్రిప్ట్‌లో హైదరాబాద్ అంటే కేబుల్ బ్రిడ్జి డ్రోన్ షాట్ ఒక్కటే ఉంది. డ్రోన్‌కి ఎవరి తువ్వాలూ కనపడదు.

వాయిస్ ఓవర్ వాడొచ్చా అని అడిగావు. వాడు. ఆ సినిమా నిండా అదే. కానీ వాళ్ళ గొంతులు అసలు సంగతి తప్పించుకుని వేరేవి మాట్లాడుతుంటాయి, డబ్బాల గురించీ పరుగెత్తడం గురించీ. పరుగెత్తితే ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది, ఇక కన్నీళ్ళకి మిగలదు అంటాడు మొదటి కుర్రాడు. ఏడుస్తున్నానని అనలేదు చూడు.

ఫ్లాష్‌బ్యాక్‌లు మొత్తం తీసెయ్యమనను. ఒకటి ఉంచు. వాడు ఆమె అడ్రస్ కి 'హోమ్' అని తన వేలితో టైపు చేసి సేవ్ చేసిన క్షణం ఉంచుతావా, అదీ అక్కర్లేదా, నువ్వే చూసుకో. నేనైతే ఉంచను.

ఇప్పుడు పదిహేడో పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టు. "మేడమ్ తీసుకున్నారు" అన్నాడు కదా డెలివరీ బాయ్. ఎవరా మేడమ్? ఆ ఫ్లాట్‌లో కొత్తగా దిగిన మనిషి ఎవరో, తను ఆర్డర్ పెట్టని బిర్యానీని ఎందుకు తీసుకుందో నువ్వు ఆలోచించలేదు. బిల్లు మీద నీ కుర్రాడి పేరుంటుంది. వారం తిరక్కుండా అదే పొరపాటు మళ్ళీ జరిగితే, ఈసారి అది నిజంగా పొరపాటేనా? గుమ్మం పక్కన పాత అమ్మాయి కొట్టిన మేకో, అతికించిన స్టిక్కరో ఉంటుంది. కొత్తావిడ దాన్ని పీకేసిందా, ఉంచిందా? ఈ ఇద్దరికీ కథలో వచ్చే నెలాఖరుదాకా ఒకరి ముఖం ఒకరికి చూపించకు. మధ్యలో ఆ డెలివరీ బాయ్ ఒక్కడే తిరగాలి. అతనికి మాత్రం పేరు పెట్టు.

సంక్రాంతికి ఊరు వెళ్తున్నాను, పద్దెనిమిదికి వచ్చేస్తాను. ఆ తలుపు తీసిన సీను ఒక్కటి రాసి పంపు. పేజీన్నర దాటకూడదు.

ఉంటాను.