పాట 15 నుంచి 1కి పెరిగిందా, తగ్గిందా?

సందేహం: మాస్టారూ, నేను ఒక వారపత్రికకు విదేశీ సంగీత వార్తలు రాస్తుంటాను. ర్యాప్ గాయకులు పాప్ చార్టుల్లోకి ఎలా వచ్చారన్న వ్యాసంలో నా వాక్యాలు నాలుగింటి మీద మా డెస్కులో పెద్ద గొడవైంది. అమెరికాలోని బిల్‌బోర్డ్ పత్రిక ప్రతి వారం వేసే పాటల వరస పట్టిక హాట్ 100 గురించి 'ఓల్డ్ టౌన్ రోడ్ పాట బిల్‌బోర్డ్ హాట్ 100లో ఒక్క వారంలో 15 నుంచి 1కి పెరిగింది' అని రాస్తే సబ్ ఎడిటర్ 'తగ్గింది' అని దిద్దారు. 'ఆ పాట 19 వారాలుగా మొదటి స్థానంలో నిలిచింది', 'ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ పాప్ సంగీతాన్ని దాటాడు', 'ఎం.సి. హ్యామర్ కమర్షియల్ సంగీతానికి అమ్ముడుపోయాడు' అన్నవి మిగతా మూడు. ఇంకో చిన్న సంగతి. ర్యాప్ పాడాడు అనాలా, చేశాడు అనాలా? సబ్ ఎడిటర్ దాన్ని 'ర్యాప్ ఆలపించాడు' అని మార్చారు. దయచేసి తేల్చండి.
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, మొదటి వాక్యంలో మీరు రాసిందీ కుదరదు, మీ సబ్ ఎడిటర్ దిద్దిందీ కుదరదు. ఆయన అంకెను చూశారు, మీరు గౌరవాన్ని చూశారు. 15 కంటే 1 చిన్నది కాబట్టి 'తగ్గింది' అన్నది ఆయన లెక్క. పాట పరువు పెరిగింది కాబట్టి 'పెరిగింది' అన్నది మీ లెక్క. పెరగడం, తగ్గడం అనేవి రాశికి, కొలతకు చెందిన మాటలు. బియ్యం ధర పెరుగుతుంది, జ్వరం తగ్గుతుంది. స్థానం రాశి కాదు, అది వరసలో ఒక చోటు. చోటు పెరగదు, తగ్గదు, చోటు మారుతుంది.

ఈ చిక్కు మన ఇళ్ళల్లో పాతదే. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ఫలితాలు వచ్చిన రోజున 'మావాడికి ర్యాంకు బాగా పెరిగింది' అని ఫోన్ వస్తే అభినందించాలో ఓదార్చాలో తెలియదు. అందుకే జనం ఆ క్రియల జోలికి పోకుండా 'మంచి ర్యాంకు వచ్చింది' అని ఊరుకుంటారు. పత్రికల్లో క్రీడల పేజీవాళ్ళు 'స్థానం మెరుగుపరుచుకున్నాడు' అంటారు. రెండూ మంచి తెలుగే.

మీ వార్తకు ఇంకా సులువైన దారి ఉంది. చార్టు నిలువుగా రాసే పట్టిక. ఒకటి పైన, వంద అడుగున. కాబట్టి ఎక్కడం, దిగడం, చేరడం, రావడం అనే చలన క్రియలు అందులో చక్కగా ఇమిడిపోతాయి. లిల్ నాస్ ఎక్స్ చేసిన ఆ పాట 2019 మార్చిలో 83వ స్థానంలో చార్టులోకి వచ్చింది. ఏప్రిల్ 13 తేదీ వేసిన చార్టులో 15 నుంచి ఏకంగా మొదటి స్థానానికి చేరింది. ఇలా రాస్తే అంకె చిన్నదైందా పెద్దదైందా అన్న ప్రశ్నే రాదు. 'ఎగబాకింది' అని రాసే అలవాటు పత్రికల్లో బాగా ఉంది. ఎగబాకడమంటే గోడనో చెట్టునో కాళ్ళూ చేతులతో పట్టుకుని కష్టపడి ఎక్కడం. వారానికి రెండు మూడు మెట్లు ఎక్కే పాటకు అది బాగుంటుంది. ఒక్క వారంలో 14 స్థానాలు ఎక్కినదానికి 'దూసుకొచ్చింది' అనండి. ఇక కిందికి వచ్చే పాట విషయంలో కాస్త జాగ్రత్త. 'దిగింది', 'పడిపోయింది' అంటే సరిపోతుంది. 'దిగజారింది' అనకండి, అందులో నడవడి చెడిపోయిందన్న ధ్వని ఉంది. వచ్చే వారం ఇంకో పాట ఎక్కువ మోగినంత మాత్రాన ఈ పాట చేసిన పాపం ఏముంది?

పెరిగింది, తగ్గింది అన్న మాటలను నేను గట్టిగా కాదనడానికి వ్యాకరణం ఒక్కటే కారణం కాదు. చార్టు తయారయ్యే తీరు కూడా అదే చెబుతోంది. 1958 ఆగస్టులో మొదలైన హాట్ 100 ఇప్పుడు అమ్మకాలనూ, రేడియోలో ఎంతమంది విన్నారన్నదాన్నీ, స్ట్రీమింగ్‌నూ కలిపి లెక్క కడుతుంది. నిజంగా పెరిగేవీ తగ్గేవీ ఇవి. స్థానం వీటి ఫలితం మాత్రమే, అదీ పక్క పాటలతో పోల్చి వచ్చేది. ఒక పాట గత వారం కంటే ఎక్కువ అమ్ముడైనా, మిగతావి అంతకంటే ఎక్కువ అమ్ముడైతే రెండు మెట్లు దిగుతుంది. అప్పుడు 'పాట తగ్గింది' అని రాస్తే పచ్చి అబద్ధం. 1991కి ముందయితే సంగతి ఇంకా వింత. రికార్డుల షాపులవాళ్ళు ఏవి బాగా పోతున్నాయో వరస చెప్పేవారు, రేడియో స్టేషన్లు తమ జాబితాలు ఇచ్చేవి, వాటిని బట్టి చార్టు కట్టేవారు. అమ్మిన ప్రతి కాపీనీ బార్‌కోడ్‌తో లెక్కపెట్టే సౌండ్‌స్కాన్ పద్ధతి 1991 మేలో ఆల్బమ్‌ల చార్టుకు వచ్చింది. నెల తిరక్కుండానే ఎన్.డబ్ల్యు.ఏ. అనే ర్యాప్ బృందం ఆల్బమ్ ఆ చార్టులో మొదటి స్థానానికి చేరింది. రేడియోవాళ్ళు దగ్గరికి రానివ్వని పాటలవి. షాపులవాళ్ళ నోటి మాటలో అలాంటి పాటలకు తక్కువ చోటు దక్కింది కానీ కౌంటరు మీద బాగానే అమ్ముడవుతున్నాయని అప్పుడు బయటపడింది. రాశి వేరు, స్థానం వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రెండో వాక్యంలో తప్పు ఒక్క 'గా'లో ఉంది. 'మూడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను' అంటే ఇప్పటికీ ఉంటున్నానని. 'మూడేళ్ళు ఉన్నాను' అంటే ఉండి వెళ్ళిపోయానని. '19 వారాలుగా నిలిచింది' అంటే పాట ఇంకా ఆ మెట్టు మీదే ఉందన్న భ్రమ కలుగుతుంది. కానీ ఆ వైభవం 2019 ఆగస్టులోనే ముగిసింది. '19 వారాలు నిలిచింది' అనండి, లేదా '19 వారాల పాటు'. ముందు 'వరసగా' కూడా చేర్చండి, ఎందుకంటే ఆ 19 వారాలూ మధ్యలో తెగలేదు. అప్పటిదాకా ఉన్న రికార్డు 16 వారాలే. ర్యాపర్ హ్యామర్ గురించి రాసేటప్పుడు మాత్రం 'వరసగా' వాడకండి. 1990లో ఆయన ఆల్బమ్ ఆల్బమ్‌ల చార్టులో మొదటి స్థానంలో ఉన్నది 21 వారాలైనా మధ్యలో వేరే ఆల్బమ్ పైకి వచ్చింది. అక్కడ 'మొత్తం 21 వారాలు' అన్నదే సరైన మాట.

ఇక 'పాప్ సంగీతాన్ని దాటాడు' అన్న మూడో వాక్యం. నాలుగింటిలో ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే. మీరు చెప్పదలచుకున్నది అతను ర్యాప్ నుంచి వచ్చి పాప్ శ్రోతలను కూడా చేరాడని. పాఠకుడికి అర్థమయ్యేది అతను పాప్‌ను మించిపోయాడని, లేదా పాప్‌ను వెనక వదిలేశాడని. తెలుగులో 'దాటు' అన్న క్రియకు కర్మగా వచ్చేది వెనక మిగిలిపోయే వస్తువు. గడప దాటాడంటే గడప వెనక్కి పోయింది. వయసు నలభై దాటిందంటే నలభై వెనకబడింది. చేరిన చోటు చెప్పాలంటే 'అవతలి ఒడ్డుకు దాటాడు' అని 'కు' పెట్టాలి. అందుకే 'పాట టాప్ 10 దాటింది' అన్న వాక్యం కూడా ప్రమాదమే. లోపలికి వచ్చిందని రాసేవారి ఉద్దేశం, బయటికి పోయిందని చదివేవారి అర్థం. 'టాప్ 10లోకి వచ్చింది' అంటే తగాదా లేదు.

'దాటు'లో వదిలిపోవడం ఎంత బలంగా ఉందో మన సామెతే చెబుతుంది: ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. పాప్‌లో పేరు తెచ్చుకున్న ర్యాపర్ల మీద పాత అభిమానులు వేసే నింద అచ్చంగా ఇదే. నింద వేయడం వాళ్ళ ఇష్టం, కానీ వార్త రాసేవారి క్రియలోనే తీర్పు దాగి ఉండకూడదు.

పైగా జరిగింది వదిలిపోవడం కాదు. అమెరికాలో నల్లజాతివారి సంగీతానికి బిల్‌బోర్డ్ పత్రిక 1942 నుంచి వేరే చార్టు నడిపింది. దాని పేరు మొదట హార్లెం హిట్ పరేడ్. తర్వాత 'రేస్' (జాతి) అన్న మాటతో నడిచింది. 1949లో రిథమ్ అండ్ బ్లూస్ అయింది. క్రాసోవర్ అనే మాట సంగీత వ్యాపారంలో స్థిరపడింది ఈ గోడ వల్లే. ఈ చార్టులోని పాట పాప్ చార్టులో కూడా కనిపిస్తే దాన్ని క్రాసోవర్ అన్నారు. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ రికార్డు చేసిన 'ర్యాపర్స్ డిలైట్' నల్లజాతి శ్రోతల చార్టులో 4వ స్థానం దాకా వెళ్ళింది, హాట్ 100లో 36వ స్థానానికి వచ్చింది. ఒక చోట ఉంటూనే ఇంకో చోటికి వెళ్ళిందన్నమాట. 1986లో రన్-డి.ఎం.సి. బృందం ఏరోస్మిత్ అనే రాక్ బృందంతో కలిసి చేసిన 'వాక్ దిస్ వే' హాట్ 100లో 4వ స్థానానికి చేరింది. 1990 నవంబరులో వెనిల్లా ఐస్ అనే ర్యాపర్ పాటతో ర్యాప్ హాట్ 100 మొదటి మెట్టు కూడా ఎక్కింది. ఆ గాయకుడు తెల్లవాడు కావడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు.

ఒక చోట ఉంటూనే ఇంకో చోటికి వెళ్ళడాన్ని చెప్పడానికి తెలుగులో కొత్త పదం పుట్టించాల్సిన పనిలేదు. 'కూడా' అన్న అర్థమిచ్చే సముచ్చయ దీర్ఘం ఉంది. 'నాకు ఇచ్చాడు', 'నాకూ ఇచ్చాడు' అన్న రెండు వాక్యాల మధ్య తేడా ఎంతో చూడండి. అలాగే 'ర్యాపర్ పాప్‌లోకి వెళ్ళాడు' అంటే ఇల్లు మారాడు. 'ర్యాపర్ పాప్‌లోకీ వెళ్ళాడు' అంటే ఇల్లు అలాగే ఉంది, ఇంకో ఇంట్లో కూడా చోటు దొరికింది. క్రాసోవర్ అన్న మాటలోని భావమంతా ఆ చివరి 'కీ'లో ఉంది. ప్రూఫులు దిద్దేవారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అచ్చుతప్పు అనుకుని ఆ దీర్ఘాన్ని తీసేస్తారు.

మీ లిల్ నాస్ ఎక్స్ కథలో తమాషా ఏమిటంటే, అతని పాట వెళ్ళిన చోట్లలో ఒకదాన్లోంచి దాన్ని తోసేశారు. ర్యాప్, కంట్రీ (అమెరికా పల్లెల బాణీ సంగీతం) కలిసిన ఆ పాట కంట్రీ చార్టులో కూడా చేరితే, అందులో నేటి కంట్రీ సంగీత లక్షణాలు చాలవని బిల్‌బోర్డ్ 2019 మార్చిలో దాన్ని తొలగించింది. ఆ తర్వాత కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ గొంతు కలిపిన రీమిక్స్ వచ్చింది. పాట హాట్ 100లో మాత్రం ఆ ఏప్రిల్‌లోనే శిఖరం ఎక్కింది. దీన్ని 'కంట్రీని దాటాడు' అని రాస్తే అసలు కథంతా పోతుంది. 'కంట్రీ చార్టులో ఉండనివ్వలేదు' అని రాయండి.

'అమ్ముడుపోయాడు' దగ్గర నాకు మీ మీద చిన్న ఫిర్యాదు ఉంది. హ్యామర్ ఆల్బమ్ అమెరికాలో కోటి కాపీలు అమ్ముడుపోయింది. హ్యామర్ అమ్ముడుపోయాడు. క్రియ ఒకటే, కర్త మారగానే మొదటిది విజయం, రెండోది ద్రోహం. పార్టీ ఫిరాయించిన ఎమ్మెల్యేల గురించి వినీ వినీ మనకు 'మనిషి అమ్ముడుపోవడం' అంటే లంచం తిని నమ్మినవాళ్ళను ముంచడమే. హ్యామర్ కూల్‌డ్రింకు ప్రకటనల్లోనూ చికెన్ ప్రకటనల్లోనూ నటించాడు, తోటి ర్యాపర్లు ఎగతాళి చేశారు. అది వాస్తవం, అది రాయండి. అమ్ముడుపోయాడన్నది అభిప్రాయం, అన్నవాళ్ళ నోట పెట్టండి, 'అమ్ముడుపోయాడని తోటివారు ఎద్దేవా చేశారు' అని.

'కమర్షియల్ సంగీతం' అన్న పదం మీద నాకు అభ్యంతరం లేదు కానీ, మన పాఠకుడికి అందులో నింద వినిపించదు. 'పక్కా కమర్షియల్ సినిమా' అంటే పాటలు, ఫైట్లు, కామెడీ అన్నీ సమపాళ్ళలో ఉన్న సినిమా అని మనం మెచ్చుకోలుగా కూడా అంటాం. మీరు నింద చెప్పదలిస్తే 'డబ్బు కోసం చేసే సంగీతం' అని విడమరచి చెప్పాలి. చెప్పదలచుకోకపోతే 'కమర్షియల్' చాలు. మీ వ్యాసంలో రెండు అర్థాలూ కలగాపులగంగా వాడారేమో ఒకసారి చూసుకోండి.

ర్యాప్ పాడాడా, చేశాడా అంటే, చేశాడనేదే జనం మాట, అదే ఉంచండి. పాడాడన్నా కొంప మునగదు. మనకు హరికథ చెబుతారు, బుర్రకథ చెబుతారు. అందులో బోలెడు పాట ఉన్నా క్రియ 'చెప్పు'. కథకే పెద్దపీట కాబట్టి ఆ క్రియ నిలిచింది. ర్యాప్‌లోనూ మాటకే పెద్దపీట కాబట్టి 'ర్యాప్ చెప్పాడు' అని ఎవరైనా రాస్తే నేను కొట్టేయను. 'ఆలపించాడు' మాత్రం కొట్టేయండి. ఆలాపన అంటే రాగాన్ని నెమ్మదిగా సాగదీస్తూ విప్పడం. నిమిషానికి రెండు వందల మాటలు గుక్క తిప్పుకోకుండా కుమ్మరించేవాడికి అంత తీరిక ఎక్కడిది?