నలభై ఏళ్లు తిన్న రొయ్య ఇప్పుడెందుకు పడదు?

మీ ప్రశ్న – డాక్టరమ్మ జవాబు

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. వయసు 47. పుట్టిల్లు గోపాల్‌పూర్ దగ్గర, రొయ్యలూ పీతలూ తిని పెరిగినదాన్ని. కిందటేడు నుంచి రొయ్యల కూర తింటే పెదాలు దురద పెడుతున్నాయి. పోయిన నెల బరంపురంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి మర్నాటి విందులో రొయ్యల వేపుడు తిన్నాను. మోకాళ్ల నొప్పికి అంతకుముందే మాత్ర వేసుకున్నాను. విడిదికి నడిచి వెళ్తుంటే దారిలోనే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, గొంతు బిగుసుకుపోయింది, వాంతులయ్యాయి. దగ్గర్లోని క్లినిక్‌లో ఏదో ఇంజెక్షన్ చేసి పంపేశారు. మా అత్తయ్య ‘వేడి చేసింది, మజ్జిగ తాగు’ అంటున్నారు. ఈమధ్య పొద్దున్నే పాలు తాగినా కడుపు ఉబ్బరంగా ఉంటోంది. ఇక రొయ్యలు తినకూడదా? చేపలు, పాలు కూడా మానేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, రెండు బాధలూ ఒకే ఉత్తరంలో రాశారు కానీ ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేదు. రొయ్యలతో వచ్చింది ఎలర్జీ. పాలతో వచ్చింది అరుగుదల ఇబ్బందిలా ఉంది. మొదటిది ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

ఆ రోజు మీకు జరిగింది వేడి చేయడం కాదు. చర్మం, గొంతు, కడుపు మూడూ ఒకేసారి దెబ్బతిన్నాయి. ఇలా ఒళ్లంతా ఒక్కసారిగా విరుచుకుపడే తీవ్రమైన ఎలర్జీని అనాఫిలాక్సిస్ అంటాం. ఈ పేజీ మీ అత్తయ్యగారికి చదివి వినిపించండి. ఆవిడ మీ మేలు కోరే అన్నారు, కానీ ఇది మజ్జిగతో తగ్గేది కాదు.

ఇన్నేళ్లు తిన్నది ఇప్పుడెందుకు పడలేదని మీ అనుమానం. నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ముందు అడిగేదీ అదే. ఒంటికి బొత్తిగా పరిచయం లేని పదార్థానికి ఎలర్జీ రాదు. శరీరం ముందు ఆ ప్రోటీన్‌ని ఎరిగి ఉండాలి, దానికి ఎదురుగా ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసుకోవాలి. ఇది ఏ వయసులోనైనా జరగొచ్చు. పెద్దయ్యాక కొత్తగా వచ్చే ఆహార ఎలర్జీల్లో రొయ్యలు, పీతలదే ముందు వరస. వీటిలో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాదాపు అలాంటిదే ఇంటి దుమ్ములో బతికే సన్న పురుగుల్లోనూ, బొద్దింకల్లోనూ ఉంటుంది. మన సముద్ర తీరపు చెమ్మకి పరుపుల్లో, దిండ్లలో ఆ పురుగులు బాగా పెరుగుతాయి. ఆ దుమ్ము పడనివాళ్లలో కొందరికి తర్వాత రొయ్య కూడా పడకుండా పోతుంది. మీకు పొద్దున లేవగానే వరసగా తుమ్ములొచ్చే అలవాటుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

ఇంకో మాట. ఇదివరకు పెదాల దురదతో ఆగింది ఈసారి గొంతు దాకా ఎందుకు వెళ్లింది? మీరు వేసుకున్న నొప్పి మాత్ర, తిన్న వెంటనే నడక, ఈ రెండిటినీ అనుమానించాలి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి మాత్రలు, శ్రమ, జ్వరం, మద్యం, నిద్ర చాలకపోవడం ఎలర్జీని ఒక్కసారిగా పెంచేస్తాయి. అందుకే కిందటిసారి కొంచెమే వచ్చిందని ధైర్యపడకూడదు.

రొయ్యలు, పీతలు పూర్తిగా మానేయండి. ఒక్కటి తిని చూద్దామని ఇంట్లో పరీక్ష పెట్టుకోవద్దు, బతిమాలి చెబుతున్నాను. వేడికి ఆ ప్రోటీన్ చెడదు కాబట్టి ఎంతసేపు ఉడికించినా లాభం లేదు. వంకాయ కూరలో, గోంగూరలో వేసే ఎండు రొయ్యలు, వాటి పొడి కూడా వద్దు. రొయ్యలు ఉడికే ఆవిరి పీల్చినా కొందరికి ఆయాసం వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా వండాల్సి వస్తే ఆ పని ఇంకొకరు చేయాలి.

చేపల్లో ఎలర్జీ తెచ్చే ముఖ్యమైన ప్రోటీన్ వేరు. ఇన్నాళ్లూ చేపలు పడుతుంటే మానక్కర్లేదు. బజారులో రొయ్యలు శుభ్రం చేసిన చెక్క మీదే మీ చేప కోయించకండి, నిండు చేప తెచ్చుకుని ఇంట్లోనే కోసుకోండి. హోటల్లో రొయ్యలు వేయించిన నూనెలోనే చేపా వేయిస్తారు, అక్కడ చేప వేపుడు వద్దనుకోండి.

ఎలర్జీ నిపుణుల దగ్గర చర్మ పరీక్ష గాని, రొయ్యకి ఐజీఈ రక్తపరీక్ష గాని చేయించుకోండి. సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్రలు వాడుతుంటే చర్మ పరీక్షకి సుమారు వారం ముందు ఆపాలి, డాక్టరుని అడిగి ఆపండి. ఎడ్రినలిన్ ఇంజెక్షన్ గురించి కూడా వాళ్లనే అడగండి. అనాఫిలాక్సిస్‌కి మొదటి మందు అదే. పెద్దవాళ్లకి 0.5 మిల్లీగ్రాములు తొడ బయటివైపు కండలోకి ఇస్తారు. సెట్రిజిన్ దురదని తగ్గిస్తుంది గాని, బిగుసుకున్న గొంతుని వదిలించలేదు. మళ్లీ అలా అయితే 108కి ఫోన్ చేయించండి, కాళ్లు ఎత్తులో పెట్టి పడుకోండి. ఊపిరి ఆడకపోతే కూర్చోవచ్చు, లేచి నడవద్దు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు, అందుకని ఇంజెక్షన్ అవగానే ఇంటికి వెళ్లిపోకుండా ఆసుపత్రిలోనే ఉండండి.

ఇక పాలు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని అరిగించే ఎంజైము చిన్నతనం దాటాక మనలో చాలామందికి తగ్గిపోతుంది. ఉబ్బరం, గ్యాస్, నీళ్ల విరేచనం వస్తాయి గాని గొంతు బిగుసుకోదు. గ్లాసు పాలలో సుమారు 10 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. పరగడుపున తాగితే పడనివాళ్లకే భోజనంతో పాటు కాస్త తాగితే పడొచ్చు. పెరుగులో సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ని తినేస్తాయి, నెయ్యిలో దాదాపు ఉండదు. ఛెనాలో, అంటే పాలు విరగ్గొట్టి తీసిన ముద్దలో, చాలాభాగం లాక్టోజ్ విరుగుడు నీళ్లతోనే పోతుంది, కాబట్టి రసగుల్లా, ఛెనా పోడా చాలామందికి ఇబ్బంది పెట్టవు. కాల్షియం తగ్గుతుందని భయమైతే చోడి (రాగి) అంబలి తాగండి. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బరువు తగ్గినా, మలంలో రక్తం కనబడినా మాత్రం పాల మీదికి నెట్టేయకుండా డాక్టరుకి చూపించుకోండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. తిన్నాక కడుపు బరువుగా ఉంటోందని ఒక ల్యాబులో ‘ఫుడ్ ఇంటాలరెన్స్ ప్యానెల్’ చేయించాను. ఐజీజీ ఎక్కువని అన్నం, గోధుమ, గుడ్డు, కందిపప్పు అన్నీ ఎర్ర గుర్తుల్లో వచ్చాయి. అన్నీ మానేసి చిక్కిపోయాను.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: అయ్యా, ఆ కాగితాన్ని పక్కన పెట్టి అన్నం తినండి. ఐజీజీ యాంటీబాడీలు మనం ఆ పదార్థం తింటున్నామని చెబుతాయి, పడదని చెప్పవు. రోజూ తినే అన్నం, పప్పే ఎర్రగా రావడం అందుకే. ఎలర్జీ నిపుణుల సంఘాలు ఈ పరీక్ష వద్దని ఎప్పుడో చెప్పాయి. ఈ వయసులో కండ కరిగిపోతే మళ్లీ పెట్టడం కష్టం. మీ గురించి నాకున్న బెంగ అదే. మానేసినవి ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టండి. ఏది ఏ పూట తిన్నారు, ఎంతసేపటికి బరువనిపించింది అన్నది ఒక పుస్తకంలో రాసుకుని, ఆ పుస్తకంతో జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. చిక్కిపోయిన సంగతి కూడా చెప్పండి.

ప్రశ్న: మా ఇంట్లో కానాగంతల పులుసు తిన్నవాళ్లందరికీ ముఖం ఎర్రబడి తలనొప్పి వచ్చింది. అందరికీ ఒకేసారి ఎలర్జీ వస్తుందా?
– ఒక గృహిణి, ఛత్రపురం

జవాబు: ఒకేసారి అందరికీ వచ్చిందంటే తప్పు చేపది. కానాగంతలు, సూరలు పట్టిన దగ్గర్నుంచీ ఐసులో లేకపోతే వాటిలో హిస్టమిన్ అనే రసాయనం పెరుగుతుంది. ముఖం ఎర్రబడటం, తలనొప్పి దానివల్లే. చేప వాసన రాకపోయినా అది ఉండొచ్చు, పులుసు ఎంత మరిగించినా పోదు. చాలామందికి కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. ఊపిరి కష్టమైతే, గుండె దడ తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇకమీదట ఎండలో పరిచిన కుప్పలో నుంచి కాకుండా ఐసు పెట్టెలోంచి తీసినవే కొనండి, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టి ఆ పూటే వండేయండి.