పెళ్ళి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ, వందనాలు.

పెళ్ళి మీద పుస్తకం వెయ్యాలని నువ్వు పంపిన వ్యాసాలన్నీ చదివా, వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ వెళ్తూ మెట్రోలో కొన్ని, మిగతావి రాత్రి ఇంట్లో. భాష బావుంది, ఇంక దాని గురించి ఎక్కువ చెప్పను, పొగిడితే ఈ వారంలోనే ఇంకో పది రాసేస్తావు. నాకు తేడా కొట్టింది ఒక్కటే, నువ్వు వచనాన్ని సగంలో ఆపేస్తున్నావు, ఇంటిని కూడా సగమే చూస్తున్నావు.

బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం తీసుకో. నీ మొదటి వ్యాసం 22వ వచనంతో మొదలైంది, భార్యలారా లోబడండి అని. దాని ముందున్న 21 ఏమైంది మరి? "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి" అని ఉంది కదా, అది ఇద్దరికీ. 25 నుంచి మగాళ్ళకి చెప్పింది ఇంకా పెద్దది, క్రీస్తు సంఘం కోసం, అంటే తన విశ్వాసుల కోసం, తన్ను తాను అప్పగించుకున్నట్టు భార్యని ప్రేమించమని. పౌలు మగాళ్ళకి చెప్పిందే ఎక్కువ, మన ప్రసంగాలు వింటే మాత్రం అంతా ఆడవాళ్ళకే చెప్పాడేమో అనిపిస్తది. బైబిల్లో రూతు మాటలు కూడా పెళ్ళి ప్రమాణంలా వాడావు, నీవు వెళ్లు చోటికే వచ్చెదను అని, అవి మొగుడితో కాదయ్యా మొగుడు పోయాక అత్తతో అన్నవి, సరిచెయ్యి.

ఆదికాండం 2:24 దగ్గర నాకు నిజంగా కోపమొచ్చింది. తల్లిదండ్రుల్ని విడిచి రమ్మని అక్కడ చెప్పింది మగాడికి. మన పెళ్ళిళ్ళలో అప్పగింతలప్పుడు ఏడ్చేదెవరు, ఇల్లు వదిలేదెవరు? నువ్వేమో ఆ వచనం కింద అమ్మాయి పుట్టింటి బెంగ తగ్గించుకోవాలని రెండు పేజీలు రాశావు, అబ్బాయి గురించి ఒక్క ముక్క లేదు. ఇక్కడ బెంగళూరులో నేను చూసే తెలుగు కాపురాల్లో చాలా గొడవలు సరిగ్గా ఈ వచనం దగ్గరే ఉంటాయి, టూ బీహెచ్‌కే ఫ్లాట్‌లో అబ్బాయి అమ్మానాన్నలు ఒంగోలు నుంచి వచ్చి నెలలు నెలలు ఉంటారు, ఉండనీ తప్పేం లేదు, అదే అమ్మాయి వాళ్ళ నాన్న కంటి ఆపరేషన్‌కని వచ్చి వారం ఉంటే ఇల్లు ఇరుకైపోద్ది.

ఒకింట్లో జరిగింది చెప్తా, వాళ్ళిద్దర్నీ అడిగే రాస్తున్నా. ఇద్దరూ సాఫ్ట్‌వేరే, ఇద్దరి జీతాలూ ఒకే ఎక్సెల్ షీట్‌లో. ఎంత క్లియర్‌గా పెట్టుకున్నామో చూడండి పాస్టర్ అయ్యగారూ అని ఆయనే ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాడు, హోమ్ లోన్, స్కూల్ ఫీజు, దేవునికిచ్చే దశమభాగం అన్నీ ఉన్నాయి. ఆయన వాళ్ళమ్మకి పంపేది ఇంటి ఖర్చుల కింద ఉంది, ఆమె వాళ్ళ నాన్నకి పంపేది ఇతరములు కింద ఉంది, పక్కన ఒక ప్రశ్నార్థకం. ఆమె ఉప్మా వడ్డిస్తా అక్కడే ఉంది, నేను ఆమెని ఏదడిగినా జవాబు ఆయనే చెప్తున్నాడు. ఆ ప్రశ్నార్థకం ఎవరు పెట్టారమ్మా అన్నా. గరిటె గిన్నెలో పెట్టేసి కూర్చుంది, గంట మాట్లాడింది, ఆయన మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు.

అలాంటి ప్రశ్నార్థకం నీ వ్యాసాల్లో ఒక్కటీ లేదు. నేటి కుటుంబాల్లో ప్రేమ చల్లారిపోతోంది అని రాశావు, అది ఎవరైనా రాస్తారు. అలాగని కౌన్సిలింగ్‌కి వచ్చినోళ్ళ సంగతులు ఎత్తి రాసెయ్యమని కాదు. ఐదో వ్యాసంలో ఆ మారతహళ్ళి జంట పేర్లు మార్చావు సరే, ఆయన నైట్ షిఫ్ట్, ఆవిడ టీచర్, ఇద్దరు కవలలు అని రాశాక మీ సంఘంలో పోల్చుకోలేనిదెవరు? అది మొత్తం తీసెయ్. వాళ్ళు సరే అంటేనే మళ్ళీ పెట్టు, అదీ ఇద్దరూ అంటేనే.

మలాకీ 2:16 దగ్గర ఇంకా జాగ్రత్త. దేవునికి పరిత్యాగం, అంటే భార్యని వదిలెయ్యడం, అసహ్యం అన్నంతవరకే కోట్ చేశావు, అదే వచనంలో ఆ వెంటనే బలాత్కారం, అంటే హింస, కూడా అసహ్యమని ఉంది. దెబ్బలు తింటున్న చెల్లెలెవరైనా నీ పేజీ చదివితే, సర్దుకుపో ప్రార్థన చేసుకో అని చెప్పినట్టే కదా. అక్కడే 2005 గృహహింస చట్టం ఉందని, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 కి ఫోన్ చెయ్యొచ్చని రాయి. వాక్యం పుస్తకంలో ఫోన్ నంబరేంటి అని పెద్దలు గొణుగుతారు, గొణగనీ. క్రైస్తవులకి చట్టంలో విడాకులే లేవని కూడా రాశావు, ఎవరు చెప్పారు నీకు? 1869 నుంచి చట్టం ఉంది. 2001 లో సవరించేదాకా మొగుడికి భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే సరిపోయేది, భార్యకి మాత్రం ఉత్త వ్యభిచారం చాలేది కాదు, దాంతోపాటు క్రూరత్వమో వదిలేసి పోవడమో కూడా చూపించాల్సి వచ్చేది. ఇప్పుడా తేడా లేదు, పరస్పర అంగీకారం దారి కూడా ఆ సవరణతోనే వచ్చింది. విడిపొమ్మని నేనెవరికీ ముందే చెప్పను, కానీ లేనిది ఉందనీ ఉన్నది లేదనీ రాయకూడదు.

ఆత్మీయ ఎదుగుదల వ్యాసంలో అంతా తెల్లారుజామున నాలుగింటికి లేవడం గురించే ఉంది. అమెరికా కాల్స్ అయ్యి రెండింటికి పడుకునేవాడు ఇది చదివి ఏం చెయ్యాలి? ఏలీయా ప్రవక్తని కర్మెలు కొండ మీద అగ్ని దిగే దగ్గర ఆపేశావు, ఆ తర్వాతి అధ్యాయంలో అదే మనిషి బదరీ చెట్టు కింద పడుకుని తన ప్రాణం తీసేయమని దేవుణ్ణి అడిగాడు. దూత వచ్చి గద్దించలేదు, రొట్టె నీళ్ళు పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి పెట్టాడు. దేవుణ్ణి కలిసిన హోరేబు కొండకి ప్రయాణం ఆ తర్వాతే. నేను కొంతమందికి ప్రార్థన చేసి మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రికి కూడా వెళ్ళమని చెప్తా, ఇదే ఊళ్ళో హోసూర్ రోడ్డు మీదే ఉంది, వెళ్తే విశ్వాసం తగ్గిపోయినట్టు కాదు. నువ్వు కూడా ఆదివారం మూడు ఆరాధనలు చేసి అర్ధరాత్రి ఇవి రాస్తున్నావని మీ ఆవిడ, అదే మా చెల్లెమ్మ, మీ వదినతో చెప్పిందంట. మానెయ్.

అచ్చుకిచ్చే ముందు అన్నీ చెల్లెమ్మతో చదివించు, చదివేటప్పుడు నువ్వు పక్కన కూర్చోకు. ఆమె కొట్టేసిన లైన్లు కూడా అలాగే ఉంచి నాకు పంపు, ఆదికాండం వ్యాసం ముందు. ఈసారి వర్డ్ ఫైల్ పంపవయ్యా, పీడీఎఫ్ మీద ఫోన్‌లో ఏమీ రాయలేక చచ్చా.